ఒక్క చుట్టు పరుగు

పరుగు పందెములలోకెల్ల కఠినమైనది ఏది అని అడిగినచో, అనుభవజ్ఞులు పలువురు నాలుగు వందల మీటర్ల పరుగనియే చెప్పుదురు. చూచుటకు ఇది చిన్న పందెమే. మైదానము చుట్టు ఒక్కసారి తిరిగి వచ్చినచో ముగిసిపోవును. మేటి పరుగుకారులకు నిమిషము కూడ పట్టదు. కాని ఆ నిమిషములో మనుష్యుని శరీరము, మనస్సు రెండును ఎంతటి పరీక్షకు లోనగునో తెలిసికొన్నప్పుడే, ఆ పందెములో రికార్డు నెలకొల్పుట యెంతటి కార్యమో బోధపడును.

2024 మే 20వ తేదీన జపాను దేశమునందలి కోబే నగరములో, వికలాంగుల ప్రపంచ అథ్లెటిక్ పోటీలలో, మన తెలంగాణపు పల్లెటూరి యువతి యొకతె ఈ దూరమును 55.07 సెకండ్లలో పూర్తిచేసి, తన తరగతిలో ప్రపంచ రికార్డును స్థాపించెను. ఆమె పేరు దీప్తి జీవన్‌జీ. ఊరు వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ. అప్పటికామె వయస్సు ఇరువది సంవత్సరములు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల శ్రోతలకు కల్లెడ పరాయి సీమ కాదు. అక్కడి వ్యవసాయ కూలీ జీవితము మనకు తెలిసినదే. అక్కడి బడి మన బడుల వంటిదే. అందుచేత దీప్తి కథను విన్నప్పుడు ఆశ్చర్యపడి ఊరకుండుట చాలదు. ఇది ఎట్లు సాధ్యమైనది అని విచారించుట మనకు అవసరము.

దీప్తి 2003 సెప్టెంబరు 27వ తేదీన జన్మించెను. తల్లిదండ్రులు కూలిపని చేసికొని బ్రతుకువారు. ఉన్న అర ఎకరము నేలను సయితము కష్టకాలములో అమ్ముకొనవలసి వచ్చినది. బిడ్డ పుట్టుకతోనే బుద్ధి వికాసములో వెనుకబడియుండెను. ముఖ కవళికలు కూడ తోడి పిల్లలకంటె కొంత భిన్నముగ నుండెను. ఊరిలో కొందరు ఆమెను పిచ్చిదని పిలిచిరి. కోతియని వెక్కిరించిరి. ఈ పిల్లను అనాథాశ్రమములో వదలివేయుడని తల్లిదండ్రులకు సలహా చెప్పినవారును కలరు. ఆ తల్లిదండ్రులు ఆ మాట వినలేదు. బిడ్డను ఇంటనే ఉంచుకొని బడికి పంపిరి. ఈ కథలో జరిగిన మొదటి మేలు ఇదియే. దీనికి పతకము లేదు, బహుమానము లేదు. కాని ఇది జరుగనిచో తరువాతిదేదియు జరిగియుండదు.

రెండవ మేలు బడిలో జరిగినది. కల్లెడలో గ్రామీణాభివృద్ధి సంస్థ యొకటి నడుపు పాఠశాల కలదు. ఆ పాఠశాలకు ఆటల విషయమున ముందునుండియు మంచి పేరున్నది. 2008వ సంవత్సరములో బీజింగు ఒలింపిక్ క్రీడలలో విలువిద్యలో భారతదేశము పక్షమున పాల్గొన్న వర్ధినేని ప్రణీత ఆ ఊరి బాలికయే, ఆ బడి విద్యార్థినియే. అట్టి బడిలో వ్యాయామోపాధ్యాయుని కన్ను ఊరక తిరుగదు. దీప్తి తొమ్మిదవ తరగతిలో నున్నప్పుడు పాఠశాలల పోటీలలో ఆమె పరుగును ఆయన గమనించెను. పాఠములలో వెనుకబడిన పిల్ల పరుగులో అందరికంటె ముందుండుట ఆయన చూచెను. ఊరివారు ఆమె ముఖమును చూచిరి. ఉపాధ్యాయుడు ఆమె కాళ్లను చూచెను. తేడా ఇంతమాత్రమే.

అటుపిమ్మట అథ్లెటిక్ శిక్షకులు నాగపురి రమేష్ దృష్టి ఆమెపై పడినది. హైదరాబాదునకు పంపుడు, తర్ఫీదు నిచ్చెదమని వర్తమానము వచ్చినది. కూలి కుటుంబమునకు బస్సు ఖర్చు సయితము భారమే. పైగా ఇట్టి పిల్లను ఒంటరిగ పట్టణమునకు పంపుట యెట్లు అను భయము. ఆ యిబ్బందులు దాటి దీప్తి హైదరాబాదు చేరి, తీరైన శిక్షణ మొదలుపెట్టెను. తొలినాళ్లలో ఆమె సాధారణ క్రీడాకారిణులతోనే పోటీ పడుచుండెను. వారిలో ఆమె బాగుగనే పరుగెత్తెను. కాని ఒక చిక్కు శిక్షకులకు కనబడుచుండెను. చెప్పినది త్వరగా గ్రహించుట, గ్రహించినదానిని పందెపు వేడిలో గుర్తుంచుకొనుట ఆమెకు కష్టముగ నుండెను. ఈ దశలో ప్రసిద్ధ బాడ్మింటన్ శిక్షకులు పుల్లెల గోపీచంద్ ఆమె విషయమున శ్రద్ధ వహించిరి. సికింద్రాబాదులో బుద్ధిమాంద్యము గలవారి కొరకు నెలకొల్పబడిన జాతీయ సంస్థలో ఆమెను పరీక్షింపజేయుట మంచిదని సూచించిరి. పరీక్షలో ఆమె స్థితి శాస్త్రీయముగ నిర్ధారణమైనది. అందుమూలమున ఆమెకు వికలాంగుల క్రీడలలో తగిన తరగతిలో ప్రవేశము లభించినది. ఊరిలో వెక్కిరింతకు కారణమైన లోపమే ఇచ్చట న్యాయమైన పోటీకి ద్వారమైనది.

ఈ తరగతి యను మాటను కొంచెము వివరింపవలసియున్నది. వికలాంగుల క్రీడలలో అందరిని ఒకే బరిలో నిలుపుట న్యాయము కాదు. కాలు లేనివారు, చూపు లేనివారు, చేతి బలము లేనివారు, ఒక్కొక్కరి లోపము ఒక్కొక్క తీరు. అందుచేత సమానమైన లోపము గలవారిని ఒక తరగతిగ జేర్చుదురు. దీప్తి పరుగెత్తు తరగతికి టి-20 అని పేరు. టి అనునది పరుగుబాటకు గుర్తు. 20 అను అంకె మేధాపరమైన వైకల్యమును సూచించును. ఈ తరగతిలో చేరుటకు మూడు విషయములు నిరూపింపవలెను. బుద్ధిసూచిక 75కు మించరాదు. నిత్యజీవితములో పనులు చేసికొనుట, నలుగురితో మెలగుట మున్నగు వాటిలో చెప్పుకోదగిన యిబ్బంది యుండవలెను. ఈ లోపము పెరిగి పెద్దయిన పిమ్మట వచ్చినది కాక, ఎదుగు వయస్సులోనే ఏర్పడినదై యుండవలెను. ఇవి గాక, ఆ లోపము క్రీడను ఎట్లు దెబ్బతీయునో తెలియుటకు వేరుగ పరీక్షలును కలవు.

ఇంత కట్టుదిట్టము ఎందుకు అని శ్రోతలు అడుగవచ్చును. దీనికొక చరిత్ర కలదు. 2000వ సంవత్సరములో సిడ్నీలో జరిగిన పారాలింపిక్ క్రీడలలో, మేధావైకల్యము గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టులోని పన్నెండుగురిలో పదిమందికి ఏ లోపమును లేదని తరువాత బయటపడినది. జట్టులో ఆడిన పత్రికా రచయిత యొకడే ఈ గుట్టు రట్టుచేసెను. పతకము తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినది. కాని శిక్ష మోసగాండ్రకు మాత్రమే పడలేదు. ఎవరికి నిజముగ లోపమున్నదో పరీక్షించు మార్గము సరిగా లేదని, మేధావైకల్యము గలవారి పోటీలనే నిలిపివేసిరి. 2004లో ఏథెన్సులోను, 2008లో బీజింగులోను వారికి చోటు లేకపోయెను. 2012లో లండనులో మాత్రమే, క్రొత్త నిబంధనలతో, పరుగు, ఈత, బల్ల టెన్నిసు పోటీలలో వారికి తిరిగి తలుపు తెరచిరి. ఆ తలుపు మూయబడియే యున్నచో దీప్తి యెంత వేగముగ పరుగెత్తినను, ఆ వేదికపై నిలువగలిగియుండెడిది కాదు. నిబంధన యనునది కాగితముమీది వ్రాత మాత్రమే కాదు. కొందరి భాగ్యము దానిమీద ఆధారపడియుండును.

ఇక పందెము సంగతి చూతము. పరుగుబాట లోపలి వరుస చుట్టుకొలత నాలుగు వందల మీటర్లు. ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటర్లు. వెలుపలి వరుసలకు పోయినకొలది చుట్టుకొలత పెరుగును. అందుచేత అందరిని ఒకే గీటువద్ద నిలిపినచో వెలుపలివారికి అన్యాయమగును. దీనిని సరిచేయుటకు రెండవ వరుసవారిని 7.04 మీటర్లు ముందుకు, తరువాతి వరుసలవారిని ఒక్కొక్కరిని ఇంకను 7.67 మీటర్ల చొప్పున ముందుకు జరిపి నిలుపుదురు. చూచువారికి వెలుపలివారు ముందున్నట్లు తోచును; నిజమునకు అందరి దూరము సమానమే. ఈ యేర్పాటులో ఒక కష్టమున్నది. వెలుపలి వరుసలో పరుగెత్తువారికి తక్కినవారు కనబడరు. తాను ముందున్నదో వెనుకనున్నదో చివరి మలుపు దాటువరకు తెలియదు. తన వేగమును తానే లెక్కించుకొనవలెను.

వేగము లెక్కించుకొనుట యనగా ఏమి? మనుష్యుడు తన పూర్తి వేగముతో నాలుగు వందల మీటర్లు పరుగెత్తలేడు. కండరములలో సిద్ధముగ నున్న శక్తి కొన్ని సెకండ్లలోనే హరించిపోవును. అటుపై శరీరము, ఊపిరి అందించు ప్రాణవాయువు చాలక, కండరములలోని చక్కెరను ప్రాణవాయువు లేకయే ఖర్చుపెట్టును. దానివలన కండరములలో ఆమ్లత్వము పెరుగును. మూడు వందల మీటర్లు దాటునప్పటికి కాళ్లు బరువెక్కును, తొడలు మండును, అడుగు పొట్టిదగును. రెండవ సగమునకు మొదటి సగముకంటె రెండు మూడు సెకండ్లు ఎక్కువ పట్టుట సామాన్యము. తొలి చాలులోనే ఎద్దులను తరిమిన రైతునకు మధ్యాహ్నమునకు మడి సగమే దున్నినట్లగును. అట్లని మరీ నెమ్మదిగ మొదలుపెట్టినచో, మిగిలిన శక్తి గీటు దాటిన పిమ్మట ఎందులకు? ఎంత ఖర్చు చేయవలెను, ఎంత దాచుకొనవలెను అనునదే ఈ పందెపు రహస్యము.

ఈ లెక్క కాళ్లు చేయునది కాదు, మనస్సు చేయునది. గడచిన కాలమును అంచనా కట్టుట, రాబోవు దూరమును తలచుకొనుట, ఒడలి బాధను ఓర్చి వేగమును నిలుపుట, ఇవన్నియు బుద్ధివ్యాపారములు. సరిగా ఇచ్చటనే మేధావైకల్యము గలవారికి చిక్కు. దీప్తికి కాళ్లలో లోపము లేదు; ఆ కాళ్లను నడుపు లెక్కలోనే కష్టము. కనుక ఆమెకు తర్ఫీదు నిచ్చుట యనగా, ఇతరులు ఒకసారి విని గ్రహించుదానిని పదిసార్లు, నూరుసార్లు చేయించి ఒడలికి అలవాటు చేయుట. బుద్ధికి అందనిది అభ్యాసముచే అందును. ఆమె సాధించిన అంకెలను ఈ వెలుగులో చూచినప్పుడే వాని విలువ తెలియును.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో దీప్తి 56.69 సెకండ్లలో పరుగు ముగించి స్వర్ణపతకము గెలిచెను. అది ఆసియా ఖండపు రికార్డు. ఏడు నెలలకు కోబేలో ఆమె కాలము 55.07 సెకండ్లు. నడుమ తగ్గినది 1.62 సెకండ్లు. వినుటకు ఇది కనురెప్పపాటువలె తోచును. కాని ఆమె సగటున సెకండునకు ఏడు మీటర్లకు పైగ పరుగెత్తుచుండెను. కావున కోబే దీప్తి, హాంగ్‌ఝౌ దీప్తికంటె దాదాపు పన్నెండు మీటర్లు ముందు గీటు దాటినదన్నమాట. మేటి పోటీలలో ఏడు నెలలలో పన్నెండు మీటర్లు సంపాదించుట సామాన్యము కాదు. అంతకుముందు ప్రపంచ రికార్డు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట 55.12 సెకండ్లుగ నుండెను. దీప్తి దానిని సెకండులో ఇరువదవ వంతు తేడాతో దాటెను. దూరములో చెప్పినచో ఒక అడుగుకు కొంచెము ఎక్కువ.

మరి సాధారణ క్రీడాకారిణుల కాలములు ఎట్లున్నవి? 1985లో తూర్పు జర్మనీకి చెందిన మరీటా కోఖ్ 47.60 సెకండ్లలో ఈ దూరము పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 2018లో జకార్తాలో అస్సాము యువతి హిమా దాస్ 50.79 సెకండ్లతో భారతీయ రికార్డు సాధించెను. దీప్తి కాలము వీరిదానికంటె ఎక్కువే. కాని నిలువు గట్టునెక్కువాని వేగమును చదునుబాట నడచువాని వేగముతో కొలువరాదు. ఎవరి గట్టు ఎంత నిలువో తెలిసి కొలుచుటకే తరగతులు ఏర్పడినవి.

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్ క్రీడలు జరిగెను. ప్రపంచ రికార్డు కలిగినదని దీప్తిపై దేశమంతయు ఆశ పెట్టుకొనెను. కాని తొలి విడత పరుగులోనే టర్కీ దేశపు ఐసెల్ ఓండెర్ 54.96 సెకండ్లలో గమ్యము చేరి ఆ రికార్డును దాటివేసెను. దీప్తి రికార్డు నిలిచినది మూడున్నర నెలలు. మరునాడు, సెప్టెంబరు 3న, తుది పందెము. యుక్రెయిన్‌కు చెందిన యూలియా షూల్యార్ 55.16 సెకండ్లతో స్వర్ణమును, ఓండెర్ 55.23తో రజతమును, దీప్తి 55.82తో కాంస్యమును గెలిచిరి. మొదటివారికి మూడవవారికి నడుమ తేడా అయిదు మీటర్లకు లోపు. క్రొత్త రికార్డు నెలకొల్పిన ఓండెర్ కూడ ఆనాడు రెండవ స్థానముతోనే తృప్తిపడవలసి వచ్చెనని గమనింపదగును. రికార్డు ఒకనాటి మాట. పందెము ఆ పూట మాట.

అయినను ఆ కాంస్యమునకు ఒక ప్రత్యేకత కలదు. మేధావైకల్యము గల భారతీయులలో పారాలింపిక్ పతకము పొందిన మొదటి వ్యక్తి దీప్తియే. పారిస్‌లో మన దేశమునకు వచ్చిన 29 పతకములలో ఇది యొకటి. కాని తక్కిన పతకములు తెరచినవానికంటె భిన్నమైన తలుపు నొకదానిని ఇది తెరచినది. రాష్ట్ర ప్రభుత్వము ఆమెకు కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగము, వరంగల్లులో 500 చదరపు గజముల ఇంటిస్థలము ప్రకటించెను. శిక్షకునకును పది లక్షల రూపాయలు ప్రకటించెను. 2024 సంవత్సరపు అర్జున పురస్కారము ఆమెకు లభించెను. 2025లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె రజతపతకము గెలిచెను. అనగా రికార్డు పోయినదని పరుగు ఆగలేదు. ఇంతకుమించి చెప్పదగినది మరియొకటి కలదు. ఆసియా క్రీడల అనంతరము వచ్చిన ధనముతో ఆమె తన కుటుంబమునకు తిరిగి కొంత భూమిని సమకూర్చెను. ఇంటికి భారమని ఊరు చెప్పిన బిడ్డయే ఇంటికి నేల తెచ్చినది.

ఇప్పుడు మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. ఇది ఎట్లు సాధ్యమైనది? కేవలము పుట్టుకతో వచ్చిన వేగమువలన అన్నచో అది సగము సత్యమే. బిడ్డను వదలుకొనని తల్లిదండ్రులు, చూడగల ఉపాధ్యాయుడు, ఓపికగల శిక్షకుడు, పరీక్షించి నిజము తేల్చిన సంస్థ, పోటీని న్యాయము చేసిన నిబంధన, ఇవన్నియు ఒకదాని వెనుక నొకటి చేరినవి. సిరిసిల్ల మగ్గములమీద పనిచేయువారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. నడుమ ఒక్క పోగు తెగినను నేత నిలిచిపోవును. దీప్తి విషయములో ఏ పోగును తెగలేదు. ఎందరు పిల్లల విషయములో మొదటి పోగే తెగిపోవుచున్నదో మనము లెక్కించుటలేదు.

ప్రతి సంవత్సరము మన ప్రాంతములోను మండల, జిల్లా స్థాయిలలో బడిపిల్లల ఆటల పోటీలు జరుగుచునే యున్నవి. జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లలోను మగ్గము నడుపువారి పిల్లలు, బీడీలు చుట్టువారి పిల్లలు, తండ్రి గల్ఫు దేశములకు పోగా తల్లి నీడలో పెరుగు పిల్లలు ఆ పోటీలకు వచ్చుచున్నారు. వారిలో పాఠము త్వరగా పట్టుబడక చివరి బల్లమీద కూర్చుండు బాలుడో, మాట స్పష్టముగ రాని బాలికయో ఉండవచ్చును. అట్టివారిని ఆటల పూట సయితము గట్టుమీద కూర్చుండబెట్టుట మనకు అలవాటు. ఆ అలవాటును మాన్పవలెను. బిడ్డ నడతలో, గ్రహణశక్తిలో తేడా కనబడినప్పుడు దాచుకొనక, సిగ్గుపడక, వైద్యులచే పరీక్ష చేయించుట తల్లిదండ్రుల కర్తవ్యము. ఆ పరీక్ష ముద్ర వేయుటకు కాదు, దారి చూపుటకు. పిల్లలందరిని ఒకసారి పరుగెత్తించి, ఎవరెట్లు పరుగెత్తుచున్నారో కన్నులార చూచుట ఉపాధ్యాయుని కర్తవ్యము. దీనికి విశాలమైన స్టేడియము అక్కరలేదు. సున్నముతో గీచిన బాట, చేతిలో ఒక గడియారము, చూడవలెనను బుద్ధి ఉన్న చాలును.

అందరు పిల్లలును ప్రపంచ రికార్డులు నెలకొల్పరు. నెలకొల్పనక్కర కూడ లేదు. బరిలో నిలువనిచ్చిన ప్రతి బిడ్డయు, తనను వెక్కిరించిన ఊరిలో తలయెత్తి నడచుట నేర్చును. 55.07 సెకండ్ల రికార్డు చెదరిపోయినది. దానిని చెరిపిన రికార్డు కూడ శాశ్వతము కాదు. కల్లెడ బాలిక దానికొరకు పరుగెత్తిన బాట మాత్రము మిగిలియున్నది. ఆ బాటమీద అడుగుపెట్టు తరువాతి బిడ్డ మన ఊరిబిడ్డ యగుట మన చేతిలోని పని.